గిలాసలు వేరే ఉంటయా బిడ్డా?

మా చెల్లెకు మొదటి జీతం పడ్డది. పొద్దంత వంగి నాట్లేస్తే మాపటికి చేతిల పడే కూలి మా ఇంటికి ఎరుక. నెలకొకసారి పడే సర్కారు జీతం నాతోని మొదలైంది. గచ్చిబౌలిల అద్దాల మేడల కూసుండి సంపాదించిన జీతం మాత్రం మా వాడ మొత్తంల అదే మొదటిది. "అన్నా, అవ్వను, వదినెను, పిల్లగాన్ని తోల్కొని రా. అందరం కలిసి మంచి హోటల్ల తిందాం" అని ఫోన్ చేసింది. ఏం హోటలే అని అడిగితే ఇటాలియన్ హోటల్ అన్నది. 2023 డిసెంబర్ ఆఖరి ఆదివారం సంగతి ఇది.

మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ దిక్కు. ఆ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉన్న సంగతి దేశమంతా తెలిసిందే. అవ్వకు మోకాళ్లు వంగవు. కింద కూసుంటే లేపడానికి ఇద్దరు పట్టాలె. బస్సుల కిటికి పక్కన కూసున్న మనిషి మాల్ దాటేదాక ఏం మాట్లాడలేదు. ఇబ్రహీంపట్నం వస్తుందనంగ నా దిక్కు తిరిగి మెల్లగ అడిగింది.

"బిడ్డా, ఆ హోటల్ల మనకు గిలాసలు వేరే ఉంటయా?"

నా భార్య నవ్వింది. "ఏ కాలంల ఉన్నవత్తమ్మా" అన్నది. నాకు నవ్వు రాలేదు. అవ్వ మళ్ల అన్నది: "అది గాదు. వేరే ఉంటే ముందుగాల చెప్పుండ్రి. పిల్లగానికి తెల్వదు. తెల్వక వాళ్లది ముట్టుకుంటడు."

ముందు సీట్ల ఉన్న నా కొడుకు వెనక్కి తిరిగి "వేరే గిలాసలంటే ఏంది డాడీ" అని అడిగిండు. వానికి ఎనిమిదేండ్లు. తర్వాత చెప్త అన్న. తర్వాత చెప్పిన గూడ. కని చెప్పబోతే సగం కథకే నాకు నోరు వచ్చింది. మనం పడ్డ బాధ చెప్పుకునే సగం అది. మిగతా సగం గొంతుల ఆగిపోయింది. రెండు సగాలూ ఒకకాడ పెట్టుకోవాలనే ఇది రాస్తున్న.

*

వానికి చెప్పిన సగం ఇది.

నాకు కూడ ఎనిమిదేండ్లున్నప్పుడు, 1996 ప్రాంతంల, మా ఊరి బస్సులాగే కాడ తాటికమ్మల హోటల్ ఒకటి ఉండేది. కట్టెల పొయ్యి, దాని మీద నల్లగ మాడిన చాయ్ డేక్ష, ఒక జల్లిగంట, నూనె కారే మిర్చిబజ్జీలు. లోపల రెండు బల్లలు. బల్లల మీద కూసునేటోళ్లకు గాజు గిలాసలు. మా మాదిగోళ్లకు సొట్టలు పోయిన సత్తు గిలాసలు. అవి లోపల ఉండయి, బయట చూరుల చెక్కి ఉంటయి. మేమే తీసుకోవాలె, మేమే కడుక్కోవాలె. చాయ్ పైనుంచి ధార కట్టి పోస్తడు. పైసలు చేతికియ్యొద్దు, అరుగు మీద పెట్టాలె. తాగినంక మళ్ల కడిగి చూరుల చెక్కి పోవాలె. ఇదంత ఎవరూ బోర్డు మీద రాసిపెట్టలేదు. అయినా ఊర్లె అందరికి వచ్చిన పాఠం అది.

ఒకనాడు జెరమొచ్చి దవాఖానకు పోయి వస్తున్నం. నాకు దూపైంది. అవ్వ చూరుల గిలాస కోసం చెయ్యి చాపేలోపల నేను అరుగు మీది గాజు గిలాస తీసుకొని కుండల నీళ్లు ముంచుకున్న. హోటలాయిన చూసిండు. నన్ను కొట్టలేదు. ఆ గిలాస నా చేతిలనుంచి గూడ గుంజుకోలేదు. "ఏమే, అది ఇగ నీదే, పైసలిచ్చి తీస్కపో" అన్నడు అవ్వతోని. అవ్వ కొంగు ముడి ఇప్పి మందులకు మిగిలిన పైసలు అరుగు మీద పెట్టింది. ఆ గిలాస మా ఇంటికి వచ్చింది. ఇంటికి రాంగనే అవ్వ నన్ను కొట్టింది. కొడుతనే ఏడ్చింది. ఆ గిలాసల ఎవలం నీళ్లు తాగలేదు. చానా రోజులు గూట్ల దీపం పక్కన ఉండి, ఎప్పుడో పగిలిపోయింది.

బస్సుల అవ్వ అడిగిన మాట వెనుక ఆ గిలాస ఉన్నది. ఇరవై ఏడేండ్ల తర్వాత మనుమడు గూడ అట్లనే చెయ్యి చాపుతడేమోనని ఆమె భయం.

బి.ఇడి. చదివేటప్పుడు నాకు ఒక సంగతి తెలిసి నోట మాట రాలేదు. రాజ్యాంగం పదిహేనో అధికరణం రెండో క్లాజుల దుకాణాలు, హోటళ్లు, పబ్లిక్ రెస్టారెంట్లు అని పేరు పెట్టి రాసి ఉన్నది. కులం పేరు మీద వాటిలకు ఎవరినీ రాకుండ ఆపొద్దని. దేశానికి రాజ్యాంగం రాసేటోళ్లు హోటల్ సంగతి గూడ రాయవలసి వచ్చిందంటే, ఆ అరుగు ఎంత ఎత్తుదో తెలుసుకోవచ్చు. 1955ల అస్పృశ్యత నేరాల చట్టం వచ్చింది. అదే 1976ల పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. హోటల్ల ఉన్న గిన్నెలు, గిలాసలు వాడుకోనియ్యకపోవుడు నేరమని దాంట్లె విడిగ రాసిండ్రు. అంటే నేను గాజు గిలాస ముట్టుకున్ననాటికి ఆ చట్టానికి నలభై ఏండ్లు నిండినయి. మా ఊరికి కరెంటు వచ్చింది, టీవీ వచ్చింది, చట్టం మాత్రం బస్సు దిగలేదు.

మా నాయిన ఆ హోటల్ల చాయ్ తాగేటోడు కాదు. హైదరాబాదుల అడ్డా మీద కూలికి పోయినప్పుడు ఇరానోళ్ల హోటల్ల తాగేటోడు. రాతి బల్ల, కుర్చీ, అందరికి ఒక్క తీరు కప్పు సాసరు. "ఆడ నువ్వెవలని అడగరు, ఎన్ని చాయ్‌లని అడుగుతరు" అని చెప్పి నవ్వేటోడు. నాయిన లేడిప్పుడు. జీవితంల మొదటిసారి కుర్చీల కూసున్నది ఆ హోటల్లనే అని చెప్పిన ముచ్చట మాత్రం నాకు ఉన్నది.

తర్వాత ఊర్లె ప్లాస్టిక్ గిలాసలు వచ్చినయి. అందరికీ ఒక్కటే గిలాస, తాగి పారేసుడే. రెండు గిలాసల పద్ధతి పోయిందని మేము సంబురపడ్డం. పోయింది మనసుల మురికి కాదు, హోటలాయినకు కడిగే తిప్పలు. ఇప్పుడు నెల నెలా ముప్పై తారీఖున పౌరహక్కుల దినమని ఆఫీసర్లు వాడకు వస్తరు. కుర్చీలేస్తరు, చాయ్ తాగుతరు, ఫోటో దిగుతరు. అది చెడ్డది అనను. ఆ ముప్పై తారీఖు లేని రోజులు నేను చూసిన.

*

హోటల్ల చల్లగ ఉన్నది. పసుపుపచ్చ దీపాలు, గోడకు ఏదో సముద్రం ఒడ్డు ఊరి బొమ్మ. ప్రతి మనిషి ముందర రెండు గాజు గిలాసలు, ఒకటి పొట్టిది, ఒకటి కాడ ఉన్నది. అవ్వ రెండింటి దిక్కు చూసి చేతులు ఒళ్లె పెట్టుకున్నది. నా కొడుకు గిలాస మీద వేలుతోని టంగున కొడితే ఆమె వాని చెయ్యి పట్టుకున్నది.

మెనూల పేర్లు చెల్లె చదివి చెప్తున్నది. నేను ధరల దిక్కు చూస్తున్న. ఒక కాడ పొలెంటా అని ఉన్నది. ఏందది అంటే మక్కజొన్న రవ్వ నీళ్లల్ల ఉడికించి చేస్తరు అన్నది. వచ్చినంక అవ్వ చెంచతోని కదిపి చూసింది. వాసన చూసింది.

"గిది గట్కనే గదనే" అన్నది.

నిజమే. గట్కనే. మా అవ్వ జొన్నలు విసిరి రోజూ కుండల వండిన గట్క. మక్కలు పండిన ఏడు మక్క గట్క. వాళ్లు మీద వెన్న, జున్ను అసొంటిది వేసిండ్రు, మేము పచ్చిపులుసు పోసుకునేది. బడిల మా దోస్తుల ముందర గట్క గిన్నె మూత తియ్యడానికి సిగ్గుపడి నేను చెట్టు చాటుకు పోయి తిన్న. ఇప్పుడు దానికి మా అవ్వ రెండు రోజుల కూలి అంత ధర.

ఇంటికి వచ్చినంక దాని గురించి చదివిన. ఉత్తర ఇటలీల రైతుకూలీల తిండి అది. గోధుమలు భూస్వాములకు పోతే కూలోళ్లకు మక్కలు మిగిలినయి. పొద్దుమాపు అదే తిని తినీ వాళ్లకు ఒక రోగం వచ్చేది. తోలు నల్లబడి పగులుతది, కడుపు పాడైతది, ఆఖరికి మతి తప్పుతది. దానికి పెలాగ్రా అని పేరు. గరుకు తోలు అని ఇటలీ వాళ్లు పెట్టిన పేరే. ఆ రోగమే మన దక్కనుల జొన్నగట్క తప్ప వేరే దిక్కులేని కూలోళ్లల్ల కనపడ్డది. హైదరాబాదుల పోషకాహార పరిశోధనశాలల పనిచేసిన డాక్టర్ కొలతూర్ గోపాలన్, ఆయన తోటోళ్లు 1960 ప్రాంతంల దాని మీద పరిశోధన చేసిండ్రు. జొన్నల లూసిన్ అనేది ఎక్కువుండుడు కారణమని చెప్పిండ్రు. సైన్సు సంగతి సైంటిస్టులు తేల్చుకుంటరు. నాకు అర్థమైంది ఒక్కటి. సముద్రాల అవతల గట్క తిన్నోడూ, డిండి ఒడ్డున గట్క తిన్నోడూ ఒక్కటే తీరుగ ఎండిపోయిండ్రు. పప్పు, పాలు, మాంసం వేరే ఇండ్లల్లకు పోయినయి గనుక.

పందొమ్మిదో శతాబ్దంల నేపుల్స్ పట్నంల బీదోళ్లు బజార్ల నిలబడి మాకరోనీ చేతితోని ఎత్తి నోట్లె వేసుకునేటోళ్లు. దేశాలు చూడవచ్చిన దొరలు పైసలిచ్చి మరీ వాళ్లతోని తినిపించి తమాషా చూసేటోళ్లట. ఇప్పుడు అదే తిండికి ముళ్లచెంచలు, తెల్లబట్టలు వచ్చినయి. తిండికి తనంత తానుగ పెద్దతనం, చిన్నతనం లేదు. ఎవలు తింటరో వాళ్ల మర్యాదే దానికి అంటుకుంటది. మనిషికేమో తిన్న తిండి పేరు అంటగడుతరు.

*

ఇగ వానికి చెప్పని సగం.

నీళ్లు పోయడానికి వచ్చిన పిల్లగాడు నల్లంగి, నల్ల ముసుగుగుడ్డ మీద హోటల్ పేరు, మెడకు చిన్న బిల్ల. పోసుకుంట పోసుకుంట ఆగిండు. "సార్, నమస్తే సార్. నన్ను గుర్తువట్టిండ్రా?" అన్నడు. మొదట పట్టలేదు. నవ్వినంక పట్టిన.

నేను 2013ల ఉద్యోగంల చేరి డిండి మండలంల పనిచేసిన బడిల ఆరో తరగతి పిల్లగాడు. లెక్కలల్ల చురుకు. పదో తరగతి అయినంక చదువు ఆగిందట. పేరు రాయను. ఈ పుస్తకం ఎవల చేతుల్లకు పోతదో తెల్వదు, వాని బతుకు వానిది.

మా అవ్వకు డిండి అవతల అచ్చంపేట దిక్కు తల్లిగారిల్లు. అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016ల నాగర్‌కర్నూలు జిల్లా అయింది. ఆ దిక్కు మాట వినంగనే ఆమెకు పానం లేచివచ్చింది. "ఎవల పిల్లగానివి బిడ్డా?" అని అడిగింది.

వాడు నా దిక్కు చూసిండు. తర్వాత మెల్లగ అన్నడు: "మా తాత కిన్నెర వాయించేటోడు అమ్మమ్మా. మీ ఊర్లకు గూడ వచ్చేటోడు."

గా ఒక్క మాట చాలు. అవ్వకు తెలిసింది. డక్కలోళ్లు.

వాడు ఆమెకు గిలాస అందిస్తున్నడు. అవ్వ చెయ్యి గిలాస దాక పోయి ఆగింది. రెప్పపాటు అంతే. తర్వాత తీసుకున్నది, గటగట తాగింది. రెప్పపాటే గని నేను చూసిన. వాడూ చూసిండు.

తెల్వనోళ్ల కోసం చెప్తున్న. డక్కలోళ్లు మా మాదిగోళ్ల మీద ఆధారపడి బతికిన కులం. పటం ఇప్పి, కిన్నెర వాయించి, మా పుట్టుక కథ జాంబపురాణం చెప్పేటోళ్లు. మేము ఎక్కడినుంచి వచ్చినమో, ఎంత గొప్పోళ్లమో చెప్పే కథ వాళ్ల నోట్లె ఉన్నది. కని వాళ్లు మా వాడలకు వస్తే పొలిమేర కాడనే గుడిసె వెయ్యాలె. మా ఇండ్లల్లకు రావద్దు. అన్నం పైనుంచి వెయ్యాలె, నీళ్లు పైనుంచి పొయ్యాలె. ఊరు మాకు చేసినదంత మేము వాళ్లకు చేసినం. ఒక్కటి గూడ మర్చిపోకుండ చేసినం. అంబేద్కర్ దీన్ని మెట్ల తీరు అసమానత అన్నడు. ప్రతి మెట్టు మీదోనికి కింద ఇంకొక మెట్టు చూపెడితే, వాడు పైదాన్ని కూలగొట్టనీకి రాడు. 2022ల పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు పద్మశ్రీ వస్తే మేమంత పాలమూరు బిడ్డ అని చప్పట్లు కొట్టినం. ఎన్ని మాదిగిండ్లల్ల డక్కలాయన పీటేసుకొని అన్నం తిన్నడో ఎవలన్న లెక్క చెప్తరా?

అవ్వ చెయ్యి ఆగినందుకు అవ్వను అనే అర్హత నాకు లేదు. ఎందుకో చెప్త.

ఆ బడిల మధ్యాహ్న భోజనం వరుసల ఆ పిల్లగాడు ఎప్పుడూ ఆఖరుకు కూసునేది. వానికి, పక్క పిల్లగానికి నడుమ ఇంకొక పిల్లగాడు పట్టేంత జాగ. ఆ పక్కన కూసున్నది దొరల పిల్లలు కాదు, వాళ్లు ఎప్పుడో ప్రైవేటు బడికి పోయిండ్రు. మా వాడ అసొంటి వాడల పిల్లలే. నేను వానిని అక్కడ కూసోబెట్టలేదు. ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కని లేపి నడుమ కూసోబెట్టనూ లేదు. చూసిన. రోజూ చూసిన. తల్లిదండ్రులతోని లొల్లి ఎందుకు, కొత్త ఉద్యోగం, మన పిల్లలే గదా మెల్లగ వాళ్లే తెలుసుకుంటరు అనుకున్న. పౌరశాస్త్రంల పదిహేడో అధికరణం చెప్పిన. అంటరానితనం రద్దయింది అని బోర్డు మీద రాసి, పిల్లలతోని రాయించిన. గంట కొట్టినంక బయటికి వచ్చి ఆ జాగ దిక్కు చూడకుండ స్టాఫ్ రూముల నా టిఫిన్ గిన్నె ఇప్పుకున్న.

చూరుల గిలాస చెక్కినోడు చెడ్డోడు. మరి ఆ జాగను చూసి చూడనట్టు పోయినోడు?

*

"నువ్వు తిన్నవా బిడ్డా" అని అడిగింది అవ్వ వానిని. "మాది నాలుగింటికి అమ్మమ్మా, వెనుకదిక్కు" అన్నడు. "పక్క కుర్చీ ఖాళీగనే ఉన్నది, జర కూసో" అన్న నేను. నవ్విండు. "కూసోవద్దు సార్, రూలు." డ్యూటీల ఉన్నోళ్లు గిరాకీ బల్లల కాడ కూసోవద్దు, తినొద్దు.

నా మనసు ఇగో ఇదీ రెండు గిలాసలే అని అరిచింది. కని వాడే నన్ను సరిచేసిండు. వంగి మెల్లగ చెప్పిండు: "మంచిగనే ఉన్న సార్ ఈడ. ఏం తెచ్చినవని అడుగుతరు గని ఎవలోనివి అని అడగరు. రూము కిరాయికి పోతే అడుగుతరు. ఈడ అడగరు."

మా నాయిన ఇరానీ హోటల్ ముచ్చట చెప్పినట్టే ఉన్నది ఆ మాట. నేను మనసుల చానాసేపు కొట్లాడుకున్న. నౌకరి రూలు వేరు, కులం వేరు. పొద్దుమీకి వాడు ఆ అంగీ ఇప్పి ఇంకొక హోటల్ల కుర్చీల కూసోవచ్చు. కులం ఇప్పేది కాదు. ఆ తేడా ఒప్పుకోవాలె. ప్రతిదాన్ని రెండు గిలాసలని పిలిస్తే అసలు రెండు గిలాసల విషం పలచబడుతది. కని ఇంకొకటి గూడ ఒప్పుకోవాలె. ఎవలు అడగకుంటేనే మర్యాద దొరుకుతుందంటే, అది అడిగిననాడు పోయే మర్యాద. వాని మర్యాద ఆ హోటల్ల ఎవలకూ తెల్వకపోవుడు మీద నిలబడ్డది. ఆ ఒక్క బల్ల కాడ, తనోళ్లు అనుకున్న మా కాడ, నిజం చెప్పిండు. చెప్పినందుకు గిలాస రెప్పపాటు ఆగింది. అడిగింది మేమే, ఆపింది మేమే.

1927 మార్చి 20న మహద్‌ల అంబేద్కర్ వెంట పోయినోళ్లు చౌదార్ చెరువుల నీళ్లు తాగిండ్రు. ఆ డిసెంబర్ల మళ్ల కూడినప్పుడు ఆయన చెప్పిన సంగతి ఏందంటే, ఆ నీళ్లు తాగకుంటే సచ్చిపోతమని కాదు, మేమూ అందరి తీరు మనుషులమని చెప్పడానికి పోతున్నమని. నేను ఆ సంగతి బడిల ఎన్నోసార్లు చెప్పిన. ఆ హోటల్ల కూసున్నప్పుడు మాత్రం మొదటిసారి నన్ను నేను అడుక్కున్న. మేమూ మనుషులమని చెప్పుడు సగం పని. వాడూ మనిషే అని మేము చెప్పుడు మిగతా సగం.

అమెరికాల గ్రీన్స్‌బొరో అని ఒక ఊరున్నది. ఆడ వూల్‌వర్త్ అనే పెద్ద దుకాణంల నల్లోళ్లు సామాను కొనొచ్చు గని అన్నం బల్ల కాడ కూసోవద్దు. 1960 ఫిబ్రవరి 1న నలుగురు కాలేజి పిల్లగాండ్లు పోయి ఆ బల్ల కాడ కూసున్నరు. లెవ్వమన్నా లెవ్వలేదు. తెల్లారి ఇంకిన్ని మంది వచ్చిండ్రు. నెలలు కొట్లాడితే జులై 25న బల్ల అందరికీ తెరిచిండ్రు. ఆనాడు అక్కడ మొదట కూసుండి తిన్న నల్లోళ్లు ఎవలో తెలుసా? ఆ నలుగురు పిల్లగాండ్లు కాదు. ఆ దుకాణంలనే పనిచేసే జెనీవా టిస్‌డేల్ అనే ఆమె, ఆమె తోటి పనోళ్లు. పని బట్టలు మార్చుకొని వచ్చి గిరాకీల తీరు కూసుండి తిన్నరు. అది మేనేజరు చప్పుడు కాకుండ చేసిన ఏర్పాటే. అయినా నాకు ఆ చిత్రం చానా ఇష్టం. రోజూ వండి పెట్టినోళ్లే మొదట కూసున్నరు.

*

చెల్లె బిల్లు కట్టింది. ఎంతనో అవ్వకు చెప్పలేదు. చెప్తే ఆ తిన్నది అరిగేది కాదు. నేను తోలు పుస్తకంల వంద రూపాయల నోటు పెట్టబోయి చెయ్యి ఆగింది. అరుగు మీద పైసలు పెట్టిన సంగతి యాదికొచ్చింది. వాడు వచ్చేదాక ఉండి చేతికిచ్చిన. ఇచ్చుకుంట చెప్పిన, "బడిల నిన్ను ఆఖరుకు కూసోబెడుతుంటే నేను చూసి ఊకున్న. అది తప్పు" అని.

వాడు ఏమీ యాదికి లేదంటడని ఆశపడ్డ. అట్ల అననే లేదు. "యాదికున్నది సార్" అన్నడు. కొంచెం ఆగి, "లెక్కలు మాత్రం మీరు మంచిగ చెప్పేది" అన్నడు. వేరే బల్ల కాడినుంచి పిలిస్తే పోయిండు.

తిరిగివచ్చే బస్సుల అవ్వ చీకట్లకు చూసుకుంట చెప్పింది. "ఆ పిల్లగాని తాతకు మా అవ్వ పైనుంచే పోసేది బిడ్డా. నేను గూడ పోసిన. కిన్నెర వాయించుకుంట మా వంశం పేర్లన్ని చెప్పేది. దోసిలి పట్టి తాగేది. నాకు చూరుల గిలాస అందినప్పుడు కడుపుల ఎట్ల మండేదో ఆయినకు గూడ అట్లనే మండిందేమో. నాకు అప్పుడు తట్టనే లేదు." ఇంత సేపు చెల్లె జీతం ముచ్చట పెట్టుకోవలసిన బస్సుల మేము చప్పుడు చెయ్యక కూసున్నం.

మా జాతి అన్నలు నన్ను తిట్టుకోవచ్చు. ఊరు చేసిన పాపం పక్కనపెట్టి మన వాడ తప్పులు రాస్తున్నవేంది, వాళ్ల చేతికి కట్టె ఇస్తున్నవు అని. ఊరి పాపం ఎక్కడికీ పోదు, దాన్ని మొదలే రాసిన. 1994ల దండోర మొదలైననాటినుంచి మా వాటా మాకని మేము అడిగినం. అది న్యాయం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందన్నది. 2025 ఏప్రిల్ 14న తెలంగాణల చట్టం అమలులకు వచ్చింది. నేనూ మిఠాయి పంచిన. పంచుకుంట అనుకున్న, పైనోళ్లను ఏ నోటితోని వాటా అడిగినమో, కిందోళ్లకు అదే నోటితోని రమ్మని చెప్పకుంటే మన మాట మన చెవులకే అబద్ధంగ వినపడుతది. ఇంట్ల కత గూడ అంతే. రెండు గిలాసల మీద ఇంత రాసిన నేను, అవ్వ, నా భార్య నేను తిన్నంకనే తింటున్నరని ఆ హోటల్ల అందరం ఒక్కసారి తిన్ననాడే గమనించిన.

ఇప్పుడు నేను పనిచేసే బడిల పిల్లలు తినే వరుసల నా గిన్నె పట్టుకొని ఆఖరుకు కూసుంటున్న. ఆఖరుకు సారు కూసుంటే ఆ జాగకు పాత పేరు పోతదని. పిల్లలను హాజరు పట్టిల పేర్ల వరుస ప్రకారం కూసోబెడుతున్న. ఒక పిల్లగాని తండ్రి వచ్చి "ఇదేం కొత్త పద్ధతి సారూ" అని అడిగిపోయిండు. వంట చేసే ఆమెను గూడ మాతోని కూసొమ్మని రోజూ పిలుస్తున్న. "మీరు తినుండ్రి సారూ, నాకు గిన్నెలున్నయి" అంటది. రెండుసార్లు కూసున్నది, గోడ దిక్కు తిరిగి.

మొన్న సంక్రాంతికి ఇంటికి రమ్మని ఆ పిల్లగానికి ఫోన్ చేసిన. అవ్వ ఫోన్ గుంజుకొని "గట్క వండుత బిడ్డా, పచ్చిపులుసు చేస్త, అందరం కూసుండి తిందాం" అన్నది. వస్త అమ్మమ్మా అన్నడు. రాలేదు. సెలవు దొరకలేదని మెసేజ్ పెట్టిండు. సెలవు దొరకలేదో, రాబుద్ధి కాలేదో నేను అడగలేదు. రాకపోతే తప్పు వానిది కాదు. ఉగాదికి మళ్ల పిలుస్త.